రిజిస్టర్‌కెక్కని ఒక్క వాక్యం

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో గొర్రెల మందలు ఎదురైతే బండి పక్కకు తీసి ఆగడం మా వైపు అందరికీ అలవాటే. మందల వెంట నడిచే కాపరులకు జీవాల రోగాలు బాగా తెలుసు. చిటుకు రోగం, పారుడు, నీలినాలుక, బొబ్బ రోగం అని వరసగా చెప్పేస్తారు. దొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గుతుంది. పొద్దున మేతకు కదిలిన జీవం ఉన్నట్టుండి కూలిపోతుంది. ముక్కులోంచి నల్లటి రక్తం కారుతుంది, గడ్డ కట్టదు. డాక్టర్లు ఆంత్రాక్స్ అనేది దీన్నే.

నంద్యాలలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పిల్లలకు బయోసేఫ్టీ పాఠం చెప్పాల్సి వస్తే నేను దొమ్మతోనే మొదలుపెడతాను. ఆ పాఠంలో మొదటి సూత్రం పశువైద్యుడికీ కాపరికీ మధ్య జరిగే మాటల్లోనే ఉంది. "కోసి చూస్తే ఏం రోగమో తెలీదా సార్?" అని కాపరి అడుగుతాడు. "కోస్తేనే కదప్పా అసలు ముప్పు" అంటాడు డాక్టరు. కోయని కళేబరంలో ఆ బాక్టీరియా కుళ్లుతో పాటే చాలావరకు చచ్చిపోతుంది. గాలి తగిలిందా, గట్టి పెంకు కట్టుకున్న స్పోర్‌గా మారిపోతుంది. ఆ స్పోర్ మట్టిలో దశాబ్దాల పాటు బతికే ఉంటుంది. అందుకే దొమ్మ అనుమానం ఉన్న జీవానికి పోస్టుమార్టం చేయరు. చెవి కొస నుంచి ఒక్క చుక్క రక్తం తీసి, స్లైడు మీద పూసి, మిథిలీన్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. కళేబరాన్ని లోతైన గుంతలో పూడుస్తారు.

ప్రమాదకరమైన క్రిములతో చేసే పని సారమంతా అందులోనే ఉందని నా నమ్మకం. తెలుసుకోవాల్సింది తెలుసుకోవాలి. అందుకోసం తెరవాల్సిన దానికన్నా వెంట్రుకవాసి కూడా ఎక్కువ తెరవకూడదు.

ఇదే దొమ్మ ఒక మహానగరంలో చేసిన పని కూడా పిల్లలకు చెబుతాను. 1979 ఏప్రిల్‌లో సోవియట్ యూనియన్‌లోని స్వెర్డ్‌లోవ్‌స్క్‌లో జనం జ్వరంతో, ఆయాసంతో ఆసుపత్రుల పాలయ్యారు. కనీసం 66 మంది చనిపోయారు. రోగం సోకిన మాంసం తినడం వల్లే ఇలా జరిగిందని ప్రభుత్వం చెప్పింది. 1992లో అధ్యక్షుడు బోరిస్ యెల్త్సిన్ కారణం సైన్యమేనని ఒప్పుకున్నారు. అమెరికా శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ బృందం 1994లో తన పరిశోధన ప్రచురించింది. ఏప్రిల్ 2న రోగులు ఎక్కడెక్కడ ఉన్నారో మ్యాపు మీద గుర్తిస్తే, చాలామంది సైనిక కేంద్రం నుంచి ఆ రోజు గాలి వీచిన దిక్కునే ఒక సన్నటి పట్టీలో కనిపించారు. ఆ పట్టీని ముందుకు పొడిగిస్తే 50 కిలోమీటర్ల దూరం దాకా పల్లెల్లో గొర్రెలు, ఆవులు చచ్చిపోయాయి. గొర్రెల మీద బతికే సీమ నుంచి వచ్చినవాడిగా ఆ భాగం చదివినప్పుడల్లా నా ఒళ్లు జలదరిస్తుంది.

ఆ సైనిక కేంద్రంలో గోడలకు లోటు లేదు, కాపలాకూ లోటు లేదు. సోవియట్ జీవాయుధ కార్యక్రమంలో పెద్ద స్థానంలో పనిచేసి తర్వాత అమెరికా వెళ్లిన కెన్ అలిబెక్ ఏం జరిగిందో రాశారు. గాలి బయటికి పోయే చోట ఫిల్టర్ మూసుకుపోతే ఒకరు దాన్ని తీసేసి, మార్చాలని చీటీ రాసిపెట్టి వెళ్లారు. షిఫ్ట్ అధికారి ఆ సంగతి రిజిస్టర్‌లో ఎక్కించలేదు. తర్వాతి షిఫ్ట్ వాళ్లు రిజిస్టర్ చూశారు, అంతా సవ్యంగానే ఉందనుకున్నారు, యంత్రాలు నడిపారు. రాయని ఒక్క వాక్యం ఊరి మీదికి మృత్యువును వదిలింది.

అందుకే నా క్లాసులో గ్లౌజులు, మాస్కుల కన్నా ముందు రిజిస్టర్ వస్తుంది. శాంపిల్ ఎవరు తెచ్చారు, ఎన్ని గంటలకు తెచ్చారు, మూత కారిందా, ఆటోక్లేవ్ ఎప్పుడు పెట్టారు, 121 డిగ్రీల వేడి, 15 పౌండ్ల ఒత్తిడి అందాయా, ఎంతసేపు నిలిచాయి అన్నీ రాయాలి. పని ముగిశాక గుర్తు తెచ్చుకుని రాయడం కాదు, పని జరుగుతుండగానే రాయాలి.

"చిన్న ల్యాబ్‌కు ఇన్ని ఎందుకు సార్? వైరస్‌ల మీద పరిశోధనలు చేసేవాళ్లం కాదు కదా" అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బయోసేఫ్టీలో నాలుగు స్థాయిలున్నాయి. మామూలు రోగ నిర్ధారణ ల్యాబ్‌లది రెండో స్థాయి. మూడో స్థాయిలో గాలి ఎప్పుడూ లోపలికే పోయేలా ఒత్తిడి తగ్గించి ఉంచుతారు, బయటికి పోయే గాలిని హెపా ఫిల్టర్లతో వడగడతారు. హైదరాబాద్ సీసీఎంబీలో అలాంటి ల్యాబ్ ఉంది. నాలుగో స్థాయిలో ఒంటినిండా గాలి సరఫరా ఉన్న సూట్ తొడుక్కునే పనిచేస్తారు. పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీలో ఆ ఏర్పాటు ఉంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు గుంపులుగా చచ్చినప్పుడు శాంపిళ్లు భోపాల్‌లోని హై సెక్యూరిటీ ల్యాబ్‌కు వెళ్లాయి. ఆ పెద్ద ల్యాబ్‌ల వాళ్లకు తాము పట్టుకున్నది ఏమిటో ముందే తెలుసు, లేదా గట్టి అనుమానమైనా ఉంటుంది.

మన బజారు ల్యాబ్‌కు ఆ భాగ్యం లేదు. వారాల తరబడి జ్వరంతో ఉన్న మనిషి వస్తాడు. టైఫాయిడ్ అనుకుని రక్తం కల్చర్ పెడతారు. ఇంటి దగ్గర మేకలు ఈసుకుపోతున్న సంగతి ఎవరూ అడగరు. ప్లేటు మీద మెల్లగా పెరుగుతున్నది మేకలను ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా అయితే? ప్రపంచమంతటా ల్యాబ్ సిబ్బందికి పనిలో అంటుకునే బాక్టీరియా రోగాల్లో అది ముందు వరసలో ఉంటుంది. కల్చర్ ప్లేటు మూత తీసి వాసన చూసి ఏ క్రిమో పోల్చుకోవడం ఒకప్పుడు నేర్పు కిందే లెక్క. ఆ నేర్పు వల్లే చాలామంది జబ్బుపడ్డారు. లోపల ఏముందో తెలియని ల్యాబ్, తెలిసిన ల్యాబ్ కన్నా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

మా దగ్గర రోజూ ఎదురయ్యే శత్రువు టీబీ. రాతి ధూళిలో ఏళ్ల తరబడి పనిచేసే ఊపిరితిత్తులకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఆళ్లగడ్డ శిల్పుల ఊరు కనుక ఈ మాట నొక్కి చెబుతాను. కళ్లె పరీక్షలో వాడే గొప్ప సాధనం చీపురు పుల్ల. పుల్ల విరిచి, పీచు తేలిన కొసతో చిక్కటి కళ్లెను తీసి స్లైడు మీద పరుస్తారు. వాడిన పుల్ల ఫినాల్ ద్రావణంలో పడుతుంది. కళ్లె అంటిన తీగ లూప్‌ను మంట మీద పెడితే చిటపటమని తుంపరలు లేస్తాయి. పుల్లతో ఆ బెడద లేదు. డబ్బా మూత తిప్పేటప్పుడు తొందర పనికిరాదు. తుంపర చిట్లితే కంటికి కనబడదు, ఊపిరితో లోపలికి పోతుంది. జీన్‌ఎక్స్‌పర్ట్, ట్రూనాట్ అనే టీబీ పరీక్ష యంత్రాలు వచ్చాక మొదట్లోనే రసాయనం కలపడంతో క్రిములు చాలావరకు చచ్చిపోతాయి. 2020లో కోవిడ్ పరీక్షకు ట్రూనాట్ పనికొచ్చిందీ ఆ సూత్రం మీదే. గొంతు నుంచి తీసిన శాంపిల్‌ను వైరస్‌ను నిర్వీర్యం చేసే ద్రవంలోనే వేసేవాళ్లు.

శాంపిల్ కింద ఒలికితే పిల్లల చెయ్యి వెంటనే గుడ్డ కోసం పోతుంది. స్టవ్ మీద పొంగిన పాలు తుడిచినట్టు తుడిచేయబోతారు. ఆపుతాను. ముందు అందరూ పక్కకు జరగాలి. ఒలికిన చోట టిష్యూ కాగితం కప్పి, అంచుల నుంచి మధ్యకు క్రిములను చంపే మందు పోయాలి. అరగంట ఆగాలి. ఆ తర్వాతే తుడవడం, తుడిచాక రిజిస్టర్‌లో రాయడం. ఆగడం నేర్పడమే అన్నిటికన్నా కష్టం. బయట రిపోర్టు కోసం ఎదురుచూసేవాళ్లు తొందర పెడుతుంటారు. ఒక మనిషి రోజుకు 20, 25 కళ్లె స్లైడ్లకు మించి చూడకూడదంటారు. కన్ను అలిసిపోతే క్రిమి కనబడదు, చెయ్యి అలిసిపోతే జాగ్రత్త జారిపోతుంది.

భద్రతకు ఇంకో ముఖం ఉంది. క్రిమి పొరపాటున బయటపడకుండా చూడటం బయోసేఫ్టీ. ఎవరూ దాన్ని కావాలని తీసుకుపోకుండా చూడటం బయోసెక్యూరిటీ. 2001లో అమెరికాలో ఉత్తరాల్లో దొమ్మ స్పోర్ల పొడి వచ్చింది. 17 మంది జబ్బుపడ్డారు, మరో ఐదుగురు చనిపోయారు. సైనిక ల్యాబ్‌లో పనిచేసే శాస్త్రవేత్తే పంపాడని ఎఫ్‌బీఐ తేల్చింది. కోర్టులో విచారణ మొదలుకాకముందే ఆయన మరణించాడు. ఆ ఘటన చెప్పేదేమిటంటే, తాళం ఒక్కటే చాలదు. ఫ్రిజ్‌లో ఏ కల్చర్ ఎంత ఉందో, తాళం చెవి ఎవరి దగ్గర ఉందో, ఎప్పుడు ఎంత తీశారో, పనయ్యాక ఎంత నాశనం చేశారో లెక్క ఉండాలి. ఇక్కడా రిజిస్టరే ఆధారం.

రిజిస్టర్ నిజం చెప్పాలంటే రాసేవాడికి భయం ఉండకూడదు. గ్లౌజు చిరిగింది, సూది గుచ్చుకుంది, ట్యూబు పగిలింది అని రాసిన అమ్మాయికి జీతంలో కోత పడితే ఆ ల్యాబ్‌లో ఇంకెప్పుడూ ట్యూబులు పగలవు, కాగితం మీద. ఆ మౌనమే నన్ను కలవరపెడుతుంది. 2023లో నంద్యాలకు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. చుట్టుపక్కల చిన్న ల్యాబ్‌ల వాళ్లను ఏడాదికోసారైనా కూర్చోబెట్టి, ఒలికిన శాంపిల్‌ను ఎలా శుభ్రం చేయాలో చేతులతో చేయించి, తప్పు జరిగితే దాచకుండా రాయడం ఎలాగో నేర్పే కేంద్రం అది కావాలని నా కోరిక. ల్యాబ్ యజమానులను అడిగేది ఒక్కటే: పొరపాటు రాసిన మనిషిని ముందు పరీక్షకు, చికిత్సకు పంపండి. కారణాలు తర్వాత వెతుక్కోవచ్చు. పాఠకులను అడిగేది ఇంకొకటి. రక్తం ఇచ్చేటప్పుడు ఇంట్లో గొర్రెలు, మేకలు ఉన్నాయా, వాటికేమైనా జబ్బు చేసిందా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అన్నది టెక్నీషియన్‌కు మీరే చెప్పండి. ఆ మాట చీటీ మీద రాయించండి. ట్యూబు తెరిచే ముందు టెక్నీషియన్ దాన్ని చదువుకుంటారు.