డ్రిబ్లింగ్ వద్దన్న మాస్టారు

సయ్యద్ అబ్దుల్ రహీం పెట్టించిన ఫుట్‌బాల్ పోటీల్లో ఒకదానికి వింత షరతు ఉండేది. బంతిని కాలికి అంటిపెట్టుకుని పరుగెత్తకూడదు, వచ్చింది వచ్చినట్టే పక్కవాడికి అందించాలి. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో గోల్ కొట్టాలంటే చూసేవాళ్లకు నవ్వులాట, ఆడేవాడికి ప్రాణసంకటం. రహీం సాబ్‌కు కావాల్సింది సరిగ్గా ఆ సంకటమే.

బాలాపూర్ నుంచి ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా హైదరాబాద్ సిటీలోకి వస్తుంటే మూసీ వంతెన దగ్గర తగిలే చాదర్‌ఘాట్‌లోనే ఆయన బడిపంతులుగా పనిచేశారు. అంతకుముందు కాచిగూడ బడిలోనూ చెప్పారు. ఉస్మానియాలో చదువుకున్నారు, ఆ యూనివర్సిటీ జట్టుకు ఆడారు, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆయనే కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇవన్నీ ‘మైదాన్’ సినిమా పుణ్యమా అని ఇప్పుడు చాలామందికి తెలుసు. ఆయన వద్దన్న వాటి గురించే ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు.

డ్రిబ్లింగ్ ఆపేస్తే ఏమవుతుంది? బంతి ఉన్నవాడికి దారి మూసుకుపోతుంది. వాడు ఎవరికో ఒకరికి ఇచ్చి తీరాలి. ఇవ్వాలంటే ఎవరో ఒకరు ఖాళీలో ఉండాలి, ఖాళీలో ఉండాలంటే మిగతావాళ్లు నిలబడి చోద్యం చూడటం మానేసి కదలాలి. అంటే నిషేధం బంతి ఉన్న ఒక్కడి మీదే అయినా, చాకిరీ అంతా బంతి లేనివాళ్ల మీద పడుతుంది. ఇంకో సంగతి: బంతి అందాక ఎటు పంపాలా అని ఆలోచించే వ్యవధి ఉండదు కాబట్టి, అందకముందే తలెత్తి చూసి పెట్టుకోవాలి. కాళ్లకు పెట్టిన శిక్షలా కనిపిస్తుంది గానీ, అది కళ్లకు ఇచ్చిన తర్ఫీదు.

తమాషా ఏమిటంటే, బాస్కెట్‌బాల్ అనే ఆట ఇలాంటి షరతులోంచే పుట్టింది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ కళాశాలలో జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు చలికాలంలో గది లోపల ఆడే ఆట కోసం తల పట్టుకున్నాడు. బంతి పట్టుకుని పరుగెత్తడం వల్లే గుద్దులాటలు వస్తున్నాయని కనిపెట్టి, పరుగునే రద్దు చేశాడు. పది అడుగుల ఎత్తున పీచ్ పళ్ల బుట్టలు తగిలించి, 13 నియమాలు రాశాడు. వాటిలో డ్రిబ్లింగ్ ఊసే లేదు. బంతి దొరికినచోటే నిలబడి విసరాలి. నేలకు కొట్టుకుంటూ ముందుకెళ్లే పద్ధతి తర్వాత ఆటగాళ్లు కల్పించుకున్నది. రహీం సాబ్ తన ఆటగాళ్ల చేత ఆడించాలనుకున్నది, ఒక రకంగా, కాళ్లతో ఆడే ఆ తొలినాటి బాస్కెట్‌బాలే.

ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టాడు. మన ఊళ్ల డ్రిల్లు మాస్టార్ల పరంపరకు అదొక మొదలు.

నైస్మిత్ తర్వాత కాన్సస్ యూనివర్సిటీకి వెళ్లాడు. అక్కడి కోచ్‌గా ఆయన గెలిచినవి 55, ఓడినవి 60. ఆట కనిపెట్టిన మనిషే ఆ యూనివర్సిటీ కోచ్‌లందరిలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువ ఉన్న ఒకే ఒక్కడు! ఆయన దగ్గర ఆడిన ఫాగ్ అలెన్ మాత్రం తాను చదువుకున్న ఆ చోటికే తిరిగొచ్చి, మొత్తం 39 సీజన్లు కోచ్‌గా ఉన్నాడు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఇదొక ఆనవాయితీ. ఆడిన కోర్టులోనే కోచ్ అవుతారు, అక్కడే జుట్టు నెరుస్తుంది.

దీనికి పరాకాష్ఠ జిమ్ బోహైమ్. 1962లో సిరక్యూజ్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ కూడా లేకుండా జట్టులో చోటు సంపాదించుకున్న కుర్రాడు, 1976లో అక్కడే ప్రధాన కోచ్ అయ్యాడు. 2023 దాకా, 47 సీజన్లు, ఆ కుర్చీ వదల్లేదు. ఆయన ‘వద్దు’ ఏమిటంటే, మనిషి వెంట పరుగెత్తొద్దు, చోటు కాపాడండి. దాన్ని 2-3 జోన్ అంటారు. ముందు ఇద్దరు, బుట్ట దగ్గర ముగ్గురు. ఎవరి హద్దులోకి బంతి వస్తే వాళ్లు చేతులు చాచి అడ్డుపడాలి. ప్రత్యర్థికి నడిమధ్యలోకి బంతి అందినా, మూలనుంచి మూడు పాయింట్ల షాట్ వేసే సందు దొరికినా ఈ కోట కూలుతుంది. అందుకే ఆయన పొడుగు చేతుల కుర్రాళ్లను ఏరుకునేవాడు. 2003 జాతీయ ఫైనల్లో కాన్సస్ మీద సిరక్యూజ్ 81-78తో గెలిచింది. ఆఖరి క్షణాల్లో మైకేల్ లీ మూలనుంచి స్కోరు సమం చేసే షాట్ వేయబోతే, లోపలి వరస నుంచి హకీం వారిక్ ఒక్క ఉరుకున వచ్చి బంతిని ఆపేశాడు. జోన్‌కు బలహీనమైన మూల అదే. అక్కడికి ఎన్ని అంగల్లో చేరాలో వాడి కాళ్లకు ముందే తెలుసు.

ఒకేచోట పాతుకుపోవడంలో అన్నీ సుగుణాలే అనను. 2015లో నియమాల ఉల్లంఘన తేలి, బోహైమ్‌ను తొమ్మిది మ్యాచ్‌లకు పక్కన పెట్టారు, ఖాతాలోంచి 101 గెలుపులు కొట్టేశారు. అయినా ఒక షరతు అలవాటుగా మారాలంటే ఒక తరం సీనియర్లు జూనియర్లకు అందించాలి. రెండేళ్లకో కోచ్ మారే జట్టులో అది కుదరదు.

మన దగ్గర ఈ ‘వద్దు’ పాఠం బ్యాడ్మింటన్‌లో సాగింది. ఎల్బీ స్టేడియంలో ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర నేర్చుకున్న పుల్లెల గోపీచంద్, 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు తన శిష్యురాలు సింధు ఫోన్ తీసేసుకున్నారు, ఐస్‌క్రీమ్ మాన్పించారు. ఆమె వెండి పతకంతో వచ్చాక ఫోన్ తిరిగిచ్చారు. ఇది కోర్టు బయటి నిషేధం కాబట్టి నాకు రహీం సాబ్ షరతే ఎక్కువ నచ్చుతుంది. అది ఆటలోనే ఉంది, పిల్లవాడు తనంతట తాను దారి వెతుక్కునేలా చేస్తుంది.

పైగా అవసరమైతే రహీం సాబ్ తన ఏర్పాటును తానే మార్చేసేవారు. జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, వెనక ఆడొద్దని ముందుకు తోశారు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచిన ఫైనల్లో రెండో గోల్ అతనిదే.

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేటల్లో ఎన్నో జూనియర్ కాలేజీలు కాంప్లెక్సుల అంతస్తుల్లో నడుస్తాయి. అక్కడ చదివినవాడు రేపు కోచ్‌గా తిరిగొద్దామన్నా, రావడానికి గ్రౌండే లేదు. బాలాపూర్, మీర్‌పేట వైపు ఇంకా ఆవరణ మిగిలిన సర్కారు బళ్లున్నాయి. అక్కడి పీఈటీ సారుకు బాస్కెట్‌బాల్ హూప్ కొనే డబ్బు లేకపోయినా పర్వాలేదు. పాత వాలీబాల్ ఒకటి, గోడ మీద సుద్దతో గీసిన చదరం చాలు. ఐదుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపు. నేలకు కొట్టొద్దు, అడుగు వేయొద్దు. చదరం మీదికి విసిరే ముందు ఐదుగురి చేతుల్లోకీ బంతి వెళ్లి రావాలి. మొదటి వారం గోలగోలగా ఉంటుంది, బాగా ఆడేవాడు అలుగుతాడు కూడా. అలగనివ్వండి. నెల గడిచాక చివరి ఐదు నిమిషాలు డ్రిబ్లింగ్‌కు అనుమతివ్వాలి. అప్పుడు కూడా బంతిని నేలకు కొట్టే ముందు ఎవడు తలెత్తి చూస్తున్నాడో గమనించి, మండల పోటీల జట్టుకు వాడి పేరు ముందు రాసుకోవచ్చు.