ఫలశ్రుతి అమ్మకం

మన విమర్శ కథనూ, నవలనూ, కవిత్వాన్నీ పట్టించుకున్నట్టు వ్యాపార ప్రకటనను పట్టించుకోదు. అది సాహిత్యం కాదు గదా అని అందరూ అనుకుంటారు. కాని ఏడాదికి ఒక్క పుస్తకం ముట్టనివాడు సైతం రోజూ చదివే వచనం ప్రకటనే. దానికీ వస్తువుంది, శిల్పముంది, దృక్పథముంది. దాని వెనక ఒక వర్గ ప్రయోజనమూ ఉంది. కనుక దాన్నీ విమర్శకు పెట్టవలసిందే.

ఇక్కడ ఒక్క రకం ప్రకటనల్నే తీసుకుంటున్నాను. "వింటే చాలు, జ్ఞాపకశక్తి పెరుగుతుంది, మెదడు పదునెక్కుతుంది" అంటూ శబ్దాన్ని అమ్మేవి. ఈ సరుకు ఒకప్పుడు క్యాసెట్లుగా వచ్చింది, తర్వాత సీడీలుగా వచ్చింది, ఇప్పుడు సెల్‌ఫోనులో నెల చందాగా వస్తోంది. గిన్నె మారింది గాని వంటకం మారలేదు.

ఈ ప్రకటనల నిర్మాణం దాదాపు ఒకేలా ఉంటుంది. మొదట భయం: మీ పిల్లవాడు వెనకబడిపోతున్నాడు. తర్వాత శాస్త్రం పేరు: తరంగాలు, కుడి మెదడు, ఎడమ మెదడు, పేరూ ఊరూ లేని విదేశీ శాస్త్రజ్ఞులు. ఆ తర్వాత సాక్ష్యం: మా అబ్బాయికి మార్కులు పెరిగాయని ఒక తల్లి మాట. చివర ఫలం: ర్యాంకు, ఉద్యోగం, ఆత్మవిశ్వాసం.

తెలుగు పాఠకుడికి ఇది కొత్త నిర్మాణం కాదు. స్తోత్రాల చివర ఫలశ్రుతి ఉంటుంది. చదువు కోరినవాడికి చదువు, సంపద కోరినవాడికి సంపద. అయితే ఫలశ్రుతికి ముందు స్తోత్రమంటూ ఒకటుంటుంది. దేవుణ్ణి నమ్మనివాడు కూడా దాని పదాల కూర్పునూ లయనూ మెచ్చుకోగలడు. ఈ ప్రకటనల్లో స్తోత్రం లేదు, ఫలశ్రుతి ఒక్కటే ఉంది. ఇంకొక పోలిక మరింత ముఖ్యమైనది. వ్రతం చేసినా ఫలం దక్కకపోతే లోపం వ్రతానిది కాదు, నిష్ఠ చాలని భక్తుడిది. ఇక్కడా అంతే. "క్రమం తప్పకుండా, పూర్తి విశ్వాసంతో వినాలి" అన్న షరతు ఎక్కడో ఉండనే ఉంటుంది. ఫలిస్తే సరుకు గొప్ప, ఫలించకపోతే విన్నవాడి తప్పు. తప్పని తేలే అవకాశమే లేకుండా కట్టిన మాటను శాస్త్రం అనలేం.

మరి శాస్త్రం నిజంగా ఏం చెప్పింది? 1993లో 'నేచర్' పత్రికలో ఫ్రాన్సెస్ రౌషర్, మరి ఇద్దరు పరిశోధకులు ఒక చిన్న నివేదిక ప్రచురించారు. 36 మంది కాలేజీ విద్యార్థులు మొజార్టు సొనాటా ఒకటి 10 నిమిషాలు విన్న తర్వాత, ఆకారాలను మనసులో ఊహించే ఒక రకం పరీక్షలో కాస్త మెరుగ్గా చేశారు. ఆ మెరుగు 10, 15 నిమిషాలకు మించి నిలవలేదు. ఆ ప్రయోగంలో పసిపిల్లలు లేరు. అయినా వ్యాపారం ఈ చిన్న విషయాన్ని పట్టుకుని పసిపిల్లల తల్లిదండ్రుల దాకా వెళ్లింది. 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు జెల్ మిల్లర్, పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం రికార్డు ఇవ్వడానికి 1,05,000 డాలర్లు కేటాయించాలని ప్రతిపాదించాడు. 2010లో వియన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు 3,000 మందికి పైగా పాల్గొన్న సుమారు 40 అధ్యయనాలను కలిపి చూసి, మొజార్టు సంగీతానికి ప్రత్యేకించి అలాంటి శక్తి ఏదీ కనపడలేదని చెప్పారు.

నిద్రలో పాఠం వినిపిస్తే మెదడులో నిలిచిపోతుందన్న మాటా అటువంటిదే. సైమన్, ఎమన్స్ అనే పరిశోధకులు విద్యుత్ పరికరాలతో మెదడును గమనిస్తూ, మనిషి నిజంగా నిద్రపోయాడని నిర్ధారించుకున్న తర్వాతే సమాచారం వినిపించారు. లేచాక అది వాళ్లకు గుర్తు లేదు. ఈ ఫలితం 1956లోనే అచ్చయింది.

ఈనాటి ప్రకటనల్లో ఎక్కువగా వినిపించేది జంట స్వరాల మాట. ఒక చెవిలో సెకనుకు 400 కంపనాల స్వరం, రెండో చెవిలో 410 కంపనాల స్వరం వినిపిస్తే, మనకు సెకనుకు 10 సార్లు కొట్టుకునే ఒక లయ వినపడినట్టు ఉంటుంది. ఇది నిజం. 19వ శతాబ్దంలోనే డోవే అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించాడు. ఆ లయకు మెదడు తరంగాలు కూడా తాళం వేస్తాయా అన్నది వేరే ప్రశ్న. 2023లో వచ్చిన ఒక సమీక్ష 14 అధ్యయనాలను పరిశీలిస్తే 5 అవునన్నాయి, 8 కాదన్నాయి, ఒకటి ఎటూ తేల్చలేదు. తాళం వేసినా, దానివల్ల తెలివి పెరుగుతుందా అన్నది మూడో ప్రశ్న. మొదటి ప్రశ్నకు దొరికిన జవాబును మూడో ప్రశ్నకు అతికించడమే ఈ ప్రకటనల శిల్ప రహస్యం.

వీటన్నిటికన్న మనం శ్రద్ధగా చదవవలసిన ప్రయోగం ఒకటుంది. 1991లో ఆంథొనీ గ్రీన్‌వాల్డ్, సహచరులు అప్పట్లో బజారులో అమ్ముతున్న క్యాసెట్లనే తీసుకున్నారు. సంగీతం మాటున, చెవికి అందని మాటలు దాచామని చెప్పుకునే క్యాసెట్లు అవి. కొన్ని జ్ఞాపకశక్తికి, కొన్ని ఆత్మగౌరవానికి. పరిశోధకులు సగం క్యాసెట్లకు చీటీలు తారుమారు చేసి అంటించి ఇచ్చారు. జనం నెల రోజులు విన్నారు. పరీక్షిస్తే, ఏ క్యాసెట్టూ తాను చెప్పుకున్న ప్రత్యేక ఫలితాన్ని ఇవ్వలేదు. కాని మూడింట ఒక వంతుకు మించి జనం, చీటీ మీద ఏది రాసి ఉంటే అదే తమలో మెరుగైందని నమ్మారు. లోపల ఏమున్నదన్నదానితో నిమిత్తం లేదు. పని చేసింది చీటీ. అంటే ప్రకటన. కొన్నవాడు డబ్బిచ్చింది శబ్దానికి, అతనికి దక్కింది ప్రకటన రాసినవాడి వచనం. అందుకే ఇది సాహిత్య విమర్శకుడికి సంబంధించిన విషయం అంటున్నాను.

"పోనీండి, నమ్మకం వల్ల ధైర్యం వస్తే నష్టమేమిటి?" అని కొందరు మిత్రులు అడుగుతారు. నష్టముంది. జ్ఞాపకశక్తి పెరిగిందని భ్రమపడినవాడు దాన్ని పెంచుకునే అసలు పని మానేస్తాడు. భ్రమ కూడా కలగనివాడి పరిస్థితి ఇంకా హీనం. తొమ్మిదో తరగతి పిల్లవాడి తండ్రి ఒకాయన, ఆటో నడుపుకునే మనిషి, నన్ను ఇలా అడిగాడు: "మాస్టారూ, రోజూ రాత్రి చెవుల్లో పెట్టుకునే పడుకుంటున్నాడండి. లెక్కలు మాత్రం రావటం లేదు. వీడే సరిగ్గా వినటం లేదంటారా?" ఆ పిల్లవాడికి రానివి భిన్నాలు. అవి చెప్పవలసిన ఏడాదిలో సగం కాలం వాడి బడిలో లెక్కల మాస్టారు లేడు. ఈ సంగతి తండ్రికి తెలుసు. తెలిసినా ఆయన అనుమానం బడి మీదికి పోలేదు, కొన్న సరుకు మీదికీ పోలేదు, కొడుకు మెదడు మీదికి పోయింది.

ఈ ప్రకటనల అసలు దృక్పథం ఇదే. చదువు రాకపోవడానికి ఖాళీగా ఉన్న ఉపాధ్యాయుల పోస్టులు, ఇరుకు తరగతి గదులు, ఇంట్లో చదువుకునే చోటు లేకపోవడం, పిల్లలను పరీక్షల యంత్రాల్లో వేసి తిప్పే కార్పొరేటు కళాశాలలు కారణాలు. వీటి గురించి ప్రకటన మాట్లాడదు. సమాజంలో ఉన్న లోపాన్ని తీసుకెళ్లి ఒక్కొక్క తల లోపల పెడుతుంది, ఆపైన ఆ తలకు మందు అమ్ముతుంది. కొనలేనివాడు బీదవాడు గనుక ఓడిపోతాడు, కొన్నవాడు శ్రద్ధ లేనివాడు గనుక ఓడిపోతాడు. ఎటు చూసినా వ్యవస్థ నిర్దోషి.

నేను సంగీతాన్ని కాదనడం లేదు. పాట మనసుకు విశ్రాంతినిస్తుంది. ఆ మాట చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. తెలివి పెంచుతామన్నప్పుడు మాత్రం రుజువు చూపవలసిన బాధ్యత అమ్మేవాడిదే. మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చంటోంది. కాని ఫిర్యాదు చేయాలంటే ముందు మోసపోయామన్న సంగతి తెలియాలి. తప్పు కొడుకుదే అనుకుంటున్న తండ్రి ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు?

అందుకే పని బడిలో మొదలుకావాలి. అలంకారాలు చెప్పే తెలుగు ఉపాధ్యాయుడు అతిశయోక్తికి ఉదాహరణగా ప్రబంధ పద్యంతోపాటు ఒక ప్రకటనను కూడా నల్లబల్ల మీద రాయవచ్చు. ఎవరు పరీక్షించారు, దేనితో పోల్చి చూశారు, ఫలించనివాళ్ల మాట ఎక్కడ అచ్చయింది అని పిల్లలచేత అడిగించవచ్చు. ప్రబంధ కవి అతిశయోక్తికి వెల కట్టి రసీదు ఇవ్వలేదన్న తేడా వాళ్లే పట్టుకుంటారు. మన రచయితల సంఘాలు కూడా సమీక్షల పేజీల్లో ఈ వచనానికి కొంత చోటివ్వాలి. ఆ ఆటో తండ్రి లాంటివాళ్లు మన కథల్లో పాత్రలుగా ఉన్నారు. వాళ్లు రోజూ చదివేదేమిటో కూడా మనం చదవాలి.