కాలకుండా పోయే పెట్రోలు

మైపాడు నుంచి నెల్లూరుకు పొద్దున్నే చేపల బుట్టలు మోసుకొచ్చే పాత టీవీఎస్ మోపెడ్ల వెనక నీలిపొగ లేస్తుంది. మన కోపమంతా ఆ పొగ మీదే. ఆ పొగ పెట్రోల్లో కలిపే ఆయిలుది. అసలు నష్టం కంటికి ఆనదు: అది కాలకుండానే బయటికి పోయే పెట్రోలు.

ఈ మోపెడ్లకుండే టూ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ కిందికి దిగుతూ ముందు పొగ పోయే దారిని, ఆ వెంటనే గాలి, పెట్రోలు కలిసిన కొత్త మిశ్రమం వచ్చే దారిని తెరుస్తుంది. కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. పాత పొగను బయటికి తోస్తూ తోస్తూ కొత్త మిశ్రమమూ కొంత సైలెన్సర్‌లోకి జారిపోతుంది. పోసిన పెట్రోల్లో మూడో వంతు దాకా ఇలా పోవచ్చు. చేపలమ్ముకునే మనిషి జేబుకు పడే చిల్లు అదే.

దీనికి విరుగుడు వెతికినవాళ్లు చాలామందే ఉన్నారు. 1950ల్లో తూర్పు జర్మనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ రేసు బైకుల సైలెన్సర్‌ను మధ్యలో ఉబ్బించి, చివర సన్నం చేశాడు. అక్కడ తగిలి వెనక్కి తిరిగే ఒత్తిడి అల, జారిన మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. సైలెన్సర్ కూడా ఇంజన్‌లో భాగమేనన్నమాట. చప్పుడు కోసం దాని లోపలి గొట్టం పీకేసే కుర్రాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

నికరమైన మందు మాత్రం ఒకటే. ముందు ఒట్టి గాలినే పంపి, పొగ దారి మూసుకునే వేళకు పెట్రోలు చిమ్మాలి. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో పుట్టిన ఎన్విరోఫిట్ సంస్థ ఫిలిప్పీన్స్‌లో పాత మోటారు ట్రైసికిళ్లకే ఇలాంటి కిట్లు బిగించింది. 2007లో బజాజ్ ఈ పద్ధతిని మన ఆటోలోకి తెచ్చింది. మోపెడ్‌కు ఆ యోగం పట్టలేదు. 2015లో వచ్చిన టీవీఎస్ మోపెడ్ ఎక్స్ఎల్ 100 ఏకంగా ఫోర్ స్ట్రోక్.

పాత బండితోనే బతుకుతున్నవాళ్లు షెడ్డులో చేయించుకోగలిగింది కొంత ఉంది. పిస్టన్ పట్టేస్తుందన్న భయంతో 2టీ ఆయిల్ అందాజుగా ఎక్కువ పోస్తారు. కంపెనీ చెప్పిన కొలతే పోయండి, మించితే మసి పేరుకుని పొగ దారి ఇరుకైపోతుంది, బండి లాగదు. ఆ మసి గీకించేటప్పుడు పిస్టన్‌ను పైకి తెచ్చి దారి మూసి ఉంచమనండి, లేకపోతే రాలిన మసి లోపల పడుతుంది. తీరం ఇసుకకు ఎయిర్ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. గాలి తగ్గితే పెట్రోలు పాలు పెరుగుతుంది. ప్లగ్ విప్పి చూడండి. ఇటుక రంగులో ఉంటే మేలు, నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు.

జారిపోయే ఆ వంతును మాత్రం ఇవేవీ ఆపలేవు. వలలకు, బోటు ఇంజన్లకు సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వం, ఆ చేపను ఊళ్లోకి చేర్చే మోపెడ్‌ను మార్చుకోవడానికి కూడా సాయం చేయాలి.