ఆ ఒక్క ఫారం

ఫారాలంటే నాకు ఒళ్లుమంట. ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే ఫారం ఎగ్గొట్టినవాడు కనిపిస్తే ముచ్చటేస్తుంది. ఈ వారం అలాంటివాడే తగిలాడు. తార్నాకలో మా ఎదురింటాయన మేనల్లుడు అమెరికాలో చిన్న పడవ కొన్నాడు. వీడియో కాల్‌లో అరచేతిలో ఇమిడే పసుప్పచ్చ పెట్టె చూపించి, "మునిగితే ఈ మీట నొక్కడమే అంకుల్, శాటిలైట్ పట్టేస్తుంది" అన్నాడు. దాని రిజిస్ట్రేషన్ ఫారం సంగతి అడిగితే, "నాలుగు పేజీలుంది, ఎవడు నింపుతాడు?" అని నవ్వాడు.

బీకన్ అనే ఆ పెట్టె మాత్రం గట్టిదే. 406 మెగాహెర్ట్జ్ మీద దాదాపు 50 సెకన్లకోసారి, అర సెకను సేపు కేకేస్తుంది. విమానాల్లో ఉండే దీని అన్న ఈఎల్‌టీ (ఎమర్జెన్సీ లొకేటర్ ట్రాన్స్‌మిటర్), నేలను గుద్దుకున్న అదురుకే మోగుతుంది. ఈ కేకలు వినే కాస్పాస్-సార్‌శాట్ ఉపగ్రహ వ్యవస్థను అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ కలిసి కట్టాయి, అదీ ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో. 1982 నుంచీ ప్రాణాలు కాపాడుతోంది. మన దేశంలో ఆ కబురు అందుకునేది బెంగళూరులోని ఇస్రో కేంద్రం.

ఈ పెట్టెల మాటెత్తితే నాకు 2009 సెప్టెంబర్ 2 గుర్తొస్తుంది. బేగంపేటలో లేచిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో మాయమైంది. ఉస్మానియా హాస్టళ్లలో కుర్రాళ్లు టీవీలకు అతుక్కుపోయారు. వాయుసేన విమానాలు గాలించాయి, బలగాలు అడవిలోకి దిగాయి. పావురాలగుట్ట మీద శకలాలు కనబడేసరికి మర్నాడు తెల్లారింది. "ఎక్కడుందో చెప్పే యంత్రం ఉండదా?" అన్నదే క్యాంపస్‌లో అందరి ప్రశ్న. నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ మీద పరిశోధనకు ప్రత్యేక విభాగమే ఉన్న క్యాంపస్ అది. ఆ ప్రమాదం సంగతి అటుంచితే, యాంటెన్నా విరిగినా, మంటల్లో కాలినా ఏ బీకనైనా మూగబోతుంది.

ఆ ఏడాదే ఫిబ్రవరి 1న ఉపగ్రహాలు పాత 121.5 మెగాహెర్ట్జ్ బీకన్లను వినడం మానేశాయి. ఎందుకంటే ఆ కేకకు పేరు లేదు. ఏటీఎం యంత్రాలు, పిజ్జా ఓవెన్లు, స్టేడియం స్కోరుబోర్డులు కూడా అదే ఫ్రీక్వెన్సీలో గోల చేసేవి. కేకేసింది మనిషో పొయ్యో తేలేది కాదు.

కొత్త బీకన్ తన గుర్తింపు సంఖ్య చెబుతుంది. కానీ ఆ సంఖ్య వెనక మనిషి పేరుండాలంటే ఫారం నింపాలి. ఇప్పటికీ వచ్చేవాటిలో ఎక్కువ ఉత్తుత్తి కేకలే. అందుకే గాలింపు-రక్షణ కేంద్రంవాళ్లు ముందు ఫారంలోని నంబర్‌కు ఫోన్ చేస్తారు. "పడవ ఒడ్డునే ఉందండీ, పిల్లాడు నొక్కాడు" అంటే అక్కడితో సరి. "పొద్దున్నే ముగ్గురు వెళ్లారు, తెల్ల పడవ" అంటే దేన్ని, ఎంతమందిని వెతకాలో తెలిసిపోతుంది. ఫారం ఖాళీగా ఉంటే, ఆ ఆరా తీయడానికే విలువైన సమయం పోతుంది.

మిగతా ఫారాల మీద నా కక్ష అలాగే ఉంటుంది. ఇదొక్కటి మాత్రం నింపి తీరాలి. మీ పిల్లలెవరైనా విమానమో పడవో నడుపుతుంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా?" తర్వాత "బీకన్ రిజిస్టర్ చేశావా?" అని అడగండి. ఎమర్జెన్సీ నంబర్ దగ్గర పడవలో పక్కన కూర్చునే భార్యది కాదు, ఒడ్డున ఉండి ఫోనెత్తేవాడిది రాయమనండి.