పొట్టేలు రాని చోట

ఏలూరు పక్క మా పేటలో సండే స్కూలంటే నాకు అబ్రాహాము కథే. దేవుడు అడిగాడు, తండ్రి కొడుకు మీదికి కత్తెత్తాడు, పొదలో పొట్టేలు కనబడింది. 'అదీ విశ్వాసమంటే' అనేవారు అయ్యగారు. మేం ఊపిరి పీల్చుకునేవాళ్లం.

అదే బైబిల్లో, న్యాయాధిపతుల గ్రంథం 11వ అధ్యాయంలో యెఫ్తా ఉన్నాడు. యుద్ధం గెలిస్తే ఇంట్లోంచి ఎదురొచ్చినదాన్ని బలిస్తానని మొక్కాడు. ఒక్కగానొక్క కూతురు ఎదురొచ్చింది. అక్కడ పొట్టేలు రాలేదు. ఈ కథ మాకెవరూ చెప్పలేదు. డిగ్రీలో ఉండగా నేనే చదువుకున్నాను.

ఇలాంటి కథే మన కొల్లేటికోటకీ ఉంది. గజపతుల నాటి యుద్ధంలో, కోట చుట్టూ ఉన్న కొల్లేరు నీటిని సముద్రంలోకి వదలడానికి ఉప్పుటేరు వైపు కాలవ తవ్వారట. గెలుపు కోసం సేనాని సొంత కూతుర్నే బలిచ్చాడట. అందుకే ఆ కాలవ పేరంటాల కనమ అయిందంటారు. ఇది చరిత్రో కట్టుకథో తేల్చడం నా పని కాదు. కథ ఎవరి పక్కన నిలబడిందో చూడాలి. నేను విన్న కథలో సేనానికి గెలుపుంది, కాలవకి పేరుంది. పిల్లకి మాత్రం పేరు లేదు, ఒక్క మాటా లేదు. చంపి పేరంటాల్ని చేసి మొక్కితే చాలనుకున్నారు.

తాడేపల్లిగూడెం దగ్గర మా బళ్లో ఇది చెబితే ఎనిమిదో తరగతి పిల్ల లేచింది. "దేవుడి కోసం చేసింది కదా మాస్టారూ, తప్పెలా అవుద్ది?"

వెంటనే జవాబు రాలేదు. మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఊడ్పుల్లో దాహమేస్తే గట్టు కింద దోసిలి పట్టేది, పైనుంచి పోసేవారు. "దేవుడు మనల్నలా పుట్టించాడ్రా" అనేది. శంబుకుడి తలా దేవుడి పేరు మీదే తెగింది. తపస్సు చేసినందుకు రాముడు నరికితే దేవతలు మెచ్చుకున్నారని ఉత్తరకాండ చెబుతుంది.

దేవుడు చెప్పాడు కాబట్టే మంచిదంటే శంబుకుడి తరఫున మనం నోరెత్తలేం. 'మంచి దేవుడు చెడు చెప్పడు' అంటారు అయ్యగారు. సరే, నేనూ అదే అంటాను. అయితే చెడు చెప్పిన గొంతు దేవుడిది కాదని తేల్చాల్సింది మనమే కదా! ఆ తేల్చే కొలత గ్రంథంలో లేదు, దెబ్బ తిన్నవాళ్ల దగ్గరుంది. అంబేడ్కర్ 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టించింది ఆ కొలతతోనే. శాస్త్రాల పవిత్రత మీద నమ్మకం పోనిదే కులం పోదని 1936లో 'కుల నిర్మూలన'లో చెప్పిందీ అదే.

మర్నాడు ఆ పిల్లకి చెప్పాను. "దేవుడి మాట అని ఎవరన్నా అంటే, కత్తి ఎవరి చేతిలో ఉందో, మెడ ఎవరిదో ముందు చూడమ్మా."

"మరి ఆ కాలవ పిల్ల పేరేంటి మాస్టారూ?" అంది.

మన విమర్శ అక్కణ్ణుంచే మొదలవ్వాలి.