నోటి పరీక్ష

హైదర్‌గూడలో ప్రసూతి ఆసుపత్రి ఉంది కాబట్టి, మెరుపు కాగితం చుట్టిన పెట్టెలతో పసిపిల్లల్ని చూడ్డానికి వచ్చేవాళ్లు మా వీధిలో ఎప్పుడూ కనిపిస్తారు. పెట్టె ఎంత పెద్దదైతే అంత ప్రేమని లెక్క. లోపల తీరా చూస్తే బ్యాటరీతో మొరిగే కుక్కపిల్లో, లైట్లు వెలిగే కారో. నెల నిండని బిడ్డకి జానెడు బెత్తెడు దాటితే ఏదీ సరిగా ఆనదు. అప్పటికి అమ్మ మొహాన్ని మించిన బొమ్మ లేదు.

నాలుగైదు నెలలు వచ్చాయా, చేతికందినదల్లా నోట్లోకే. అందుకే బొమ్మ కొనేటప్పుడు నా మొదటి ప్రశ్న: దీన్ని చప్పరిస్తే, కొరికితే ఏమవుతుంది?

మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో ఊడివచ్చే చిన్న ముక్కలు ఉండకూడదు. చిన్నదో కాదో తేల్చడానికి పరీక్షశాలల్లో 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టం వాడతారు. మన జేబులో పది రూపాయల బిళ్ల ఉంటుంది, వెడల్పు 27 మిల్లీమీటర్లు. దానికంటే కాస్త పెద్ద ముక్కయినా గొంతుకు అడ్డం పడొచ్చు. నేను బిళ్ల పక్కన పెట్టి చూస్తాను, ఎలుగుబంటి కన్ను గోటితో పీకి చూస్తాను. షాపతను విసుక్కుంటాడు, విసుక్కోనీ. బ్యాటరీ మూతకి స్క్రూ లేకపోతే ఉచితంగా ఇచ్చినా తీసుకోను. బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు.

2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. దాని కింద ఉండే లైసెన్సు నంబరు నిజమైనదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు.

భౌగోళిక గుర్తింపు (జీఐ) కింద నమోదైన కళాకారులకి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. 2017లో ఆ గుర్తింపు పొందిన ఏటికొప్పాక బొమ్మలంటే నాకు పక్షపాతమే, దాచుకోను. వరాహ నది ఒడ్డున మెత్తటి అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు లక్కను అదిమిపెడితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి అంటుకుంటుంది. పెయింటులా పెచ్చులూడదు. ఆకులు, గింజలు, బెరళ్ల నుంచి రంగులు తీసే పద్ధతిని నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అయితే లక్కబొమ్మ అన్న ప్రతిదానిలో ఆ రంగులే ఉంటాయని అనుకోవద్దు, అడిగి కొనండి. లక్కపిడతల బుల్లి మూతలు బిళ్ల పరీక్షలో తప్పుతాయి. మూడేళ్లు దాటేదాకా అటక మీదే ఉంచండి. పాపాయికి ఊడే ముక్కల్లేని గిలక్కాయ చాలు. కొండపల్లి బొమ్మ ఎంత అందంగా ఉన్నా కొలువుకే గాని నోటికి కాదు.

పుస్తకాల సంగతి వేరు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షల పుస్తకాలు కుప్పలు, పళ్లు రాని పాఠకుడికి మాత్రం ఒక్కటీ ఉండదు. తార్నాకలోని ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ వాళ్లవి తెలుగులో చక్కటి బొమ్మల కథలు. వాటిని పెద్దవాళ్లు ఒళ్లో కూర్చోబెట్టుకుని చదవాలి. చంటిపిల్లకే ఇచ్చేస్తే కాగితం నమిలేస్తుంది, పిన్ను మిగులుతుంది. దాని చేతికి ఇవ్వాల్సింది మూలలు గుండ్రంగా ఉన్న అట్టపుస్తకమో, గుడ్డపుస్తకమో. నమిలినా తప్పులేదు, అదీ చదువే. మొదటి నెలలకైతే తెల్ల అట్ట మీద నల్ల స్కెచ్‌పెన్నుతో గళ్లూ సున్నాలూ గీసి చూపించండి. పైసా ఖర్చుండదు.

నేను తిరిగిన షాపుల్లో అట్టపుస్తకమంటే యాపిల్, జీబ్రా, ఇంగ్లీషు అక్షరాలు. తెలుగు ప్రచురణకర్తలకి నా విన్నపం ఒక్కటే: కాకి, చెంబు, ఇడ్లీ, ఆటో, తాతయ్య కళ్లజోడు, ఇవి చాలు, పది పేజీల అట్టపుస్తకం ఒకటి వేయండి. మా వీధిలో బారసాలలకి కొదవ లేదు, కాపీలు మిగలవు.