నలగడానికే నిలబెట్టిన స్తంభాలు

దక్షిణాఫ్రికాలో రస్టెన్‌బర్గ్ చుట్టుపక్కల ప్లాటినం గనుల్లో తవ్వకం జరిగే చోట నేలకూ కప్పుకూ మధ్య ఎత్తు మీటరు, కాదంటే ఇంకో జానెడు. డ్రిల్లు పట్టుకున్న మనిషి అక్కడ నిలబడలేడు. గొంతుక్కూర్చునో, మోకాళ్ల మీద వంగో రాయికి చిల్లులు వేయాలి. డైనింగ్ టేబుల్ కింద దూరి షిఫ్టంతా పనిచేసినట్టు ఉంటుంది. కిలోమీటరు లోతుకు దిగి, అన్ని కోట్లు పోసినవాళ్లు ఇంకో రెండడుగులు ఎత్తు తవ్వలేరా? తవ్వగలరు. గిట్టుబాటు కాదు.

దాదాపు 200 కోట్ల ఏళ్ల కిందట శిలాద్రవం పొరలు పొరలుగా గడ్డకట్టిన ప్రాంతం అది, బుష్‌వెల్డ్. 1924లో భూగర్భ శాస్త్రవేత్త హన్స్ మెరెన్‌స్కీ జాడ తీసిన ఖనిజపు పొరకు ఆయన పేరే నిలిచిపోయింది. వందల కిలోమీటర్ల మేర పరుచుకున్న ఆ పొర మందం చాలాచోట్ల మీటరు కూడా ఉండదు. టన్ను రాయిని పిండి కొడితే ప్లాటినం, పల్లాడియం లాంటి లోహాలన్నీ కలిపి నాలుగైదు గ్రాములు వస్తే మంచి రాయి కిందే లెక్క. పొరకు పైనా కిందా ఉన్నది ఉత్త బండ. మనిషి సుఖంగా నిలబడేంత ఎత్తు తవ్వితే ఆ బండనంతా పైకి లాగాలి, నూరాలి, పారబోయాలి. అందుకే పొర ఎంత సన్నగా ఉంటే మనిషి అంత వంగాలి.

గని నక్షా కూడా పొర చెప్పినట్టే నడుస్తుంది. రస్టెన్‌బర్గ్ వైపు పొర సుమారు 10 డిగ్రీల వాలులో లోపలికి దిగుతుంది. నిలువు షాఫ్టు దింపి, అంతస్తుల వారీగా సొరంగాలు తోలుతారు. ఆ సొరంగాలు పొరలో ఉండవు, దానికి దిగువన గట్టి బండలో ఉంటాయి. పైన మందు పేల్చాక రాలిన రాయిని వించికి కట్టిన ఇనుప పార ఈడ్చుకొచ్చి గాడిలో పోస్తుంది. అక్కడి నుంచి బిలంలో పడి, తన బరువుతో తానే కింద సొరంగంలోని బండి పెట్టెల్లోకి దిగుతుంది. పేలుడు షిఫ్టు చివర. పొగ, దుమ్ము గాలితో కొట్టుకుపోయేదాకా లోపలికి ఎవరినీ పోనివ్వరు.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది స్తంభాల సంగతి. కొత్తగూడెం బొగ్గు బావుల పక్కన పెరిగినవాణ్ని. స్తంభమంటే కప్పును మోసేది, నలిగిందంటే ప్రమాదమే అని చిన్నప్పటి నుంచీ విన్నాను. ఈ ప్లాటినం గనుల్లో లోతు ఆరేడు వందల మీటర్లు దాటాక లెక్క తిరగబడుతుంది. పైనున్న బరువంతా మోసేంత పెద్ద స్తంభాలు వదిలితే ఖనిజంలో చాలా భాగం వాటికే పోతుంది. అందుకని రెండు మీటర్ల వెడల్పున చిన్న స్తంభాలు వదులుతారు, తవ్వకం పక్కన ఉండగానే అవి నలిగిపోయేలా. గట్టిగా నిలబడి, ఎప్పుడో ఒకనాడు ఒక్కసారిగా పగిలే స్తంభమే ప్రాణాంతకం. నలిగినదానిలో ఇంకా కొంత బలం మిగులుతుంది. కప్పుకు ఆనుకుని ఉన్న రాయి ఊడిపడకుండా ఆ బలం ఆపుతుంది. మిగతా కొండంత బరువు దూరదూరంగా వదిలిన పెద్ద దిమ్మెలది. ఖనిజపు పొర గుంటల్లోకి జారి చెదిరిపోయిన చోట్లు ఎలాగూ తవ్వకానికి పనికిరావు కాబట్టి, వీలైనచోట వాటినే దిమ్మెలుగా వాడుకుంటారు.

వేడిని ఎదిరించడానికి దింపే నీళ్లనూ ఇలాగే పనికి వాడుకుంటారు. బుష్‌వెల్డ్‌లో లోతుకు పోయేకొద్దీ రాయి జోహన్నెస్‌బర్గ్ బంగారు గనుల్లో కన్నా త్వరగా వేడెక్కుతుంది. నార్తమ్ కంపెనీ జోండరైండ గనిలో రెండు కిలోమీటర్ల లోతున రాయి వేడి 70 డిగ్రీల దాకా ఉంటుంది. పైన చల్లబరిచిన నీళ్లను గొట్టాల్లో కిందికి వదులుతారు. అంత ఎత్తు నుంచి దిగిన నీటి ఒత్తిడితోనే డ్రిల్లులు తిరుగుతాయి. ఆ నీళ్లే పనిచోటునూ చల్లబరుస్తాయి.

ఇంత లెక్క వేసినా షిఫ్టు మొదట్లో ఒక మనిషి ఇనుప గడ తీసుకుని కప్పును తట్టాల్సిందే. ఖంగుమంటే గట్టి రాయి. డొల్లగా మోగితే లోపల పగులు ఉన్నట్టు. పక్కకు నిలబడి, గడతో పొడిచి దాన్ని రాల్చాకే పని మొదలు. మా మేనమామ సింగరేణిలో ఈ పనే చేసేవాడు. రిటైరయ్యాక కూడా కొత్త ఇంటికి వెళితే ముందు తలెత్తి స్లాబు చూసేవాడు.

2012 ఆగస్టులో రస్టెన్‌బర్గ్ దగ్గరి మరికానా ప్లాటినం గనిలో సమ్మెకు దిగింది ఇలా వంగి పనిచేసే డ్రిల్లు కార్మికులే. నెలకు 12,500 రాండ్లు అడిగారు. ఆగస్టు 16న పోలీసు కాల్పుల్లో 34 మంది చనిపోయారు. ఇప్పుడు కొన్ని గనుల్లో మీటరు ఎత్తులో పాకే యంత్రాలు వచ్చాయి. నడుములు బతుకుతాయి, ఉద్యోగాలు తగ్గుతాయి. ఈ రెంటిలో ఏది మేలో పైన కూర్చుని నేను తేల్చలేను. కానీ రాతిస్తంభం ఎంత మోయగలదో, నలిగాక ఎంత మిగులుతుందో లెక్క కట్టాకే దాని మీద బరువు పెడుతున్నారు. డ్రిల్లు పట్టిన నడుము విషయంలోనూ ఆ లెక్క జీతం బేరానికి కూర్చునే ముందే కట్టాలి.